చేతికిచ్చిన బంతి

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చదవవని తెలిసినా, నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను. పొద్దున దొర కొడుకు మన వాడకొచ్చాడు. మన గుడిసె ముందే ఆగాడు. కళ్లారా చూసిన నాకే ఇంకా నమ్మకం కుదరడం లేదు.

పట్నంలో కంపెనీ జట్టు నీకు జీతమిచ్చి బాస్కెట్‌బాల్ ఆడించిన రోజుల్లో, బంతి అంత బాగా పట్టడం ఎక్కడ నేర్చావని అందరూ అడిగేవారట. "దొర అరుగు కింద. ఆడ రొట్టె చేతికియ్యరు, ఇసురుతరు" అన్నానని నవ్వుతూ చెప్పావు. తర్వాత కాలేజీలో ఆ ఆట నేర్పే సారువయ్యావు. ఆ దొర కొడుకే అక్కడ నీ దగ్గర నేర్చుకున్నాడు.

ఇవాళ అతని చేతిలో, కాలేజీలో ఉండిపోయిన నీ పాత బంతి ఉంది. అమ్మ అలవాటుగా వెనక్కి జరిగి కొంగు చాపింది.

"ఇసురు దొరా, పట్టుకుంట."

"సారు బంతిని నీకెట్ల ఇసురుత, అవ్వా?"

దగ్గరికొచ్చి అమ్మ చేతుల్లో పెట్టాడు. అతని వేళ్లు ఆమె వేళ్లకు తగిలాయి.

దొరలు విసిరింది ఏనాడూ కింద పడనీయని అమ్మ, ఆ బంతిని జారవిడిచింది.