మంత్రిగారి నాలుగో పేజీ

బెంగళూరు,
సోమవారం మధ్యాహ్నం.

సుబ్బలక్ష్మమ్మక్కకు,

నీ చెల్లెలు రంజిత నమస్కారాలు. ఇక్కడ అందరమూ ఆరోగ్యంగా ఉన్నాం. బావ కాళ్ల మీది పుండ్లు మానుముఖం పట్టాయని, నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటున్నాను.

అసలు విషయం ముందే చెబుతాను. పోయిన బుధవారం మధ్యాహ్నం మూడు గంటల పద్దెనిమిది నిమిషాలకు మంత్రిగారు ఇచ్చినట్టు సభ రికార్డులో ఒక హామీ ఉంది. ఆయన ఆ మాట అనలేదని శుక్రవారం సాయంత్రం ఆయన కార్యాలయం రాసి పంపింది. ఆ పది నిమిషాలు సభలో షార్ట్‌హ్యాండ్ రాసింది నేనే.

పేపర్లోంచి కత్తిరించి నీ ఉత్తరంలో పెట్టావే, ఆ వాక్యమే. "మురుగు శుద్ధి కేంద్రం పూర్తయ్యేదాకా హొన్నసంద్ర చెరువు కాలువలోకి కొత్త అపార్ట్‌మెంట్ల గొట్టం ఒక్కటి కూడా కలపనివ్వం."

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. సభ రికార్డు ధ్రువీకరించిన నకలు ఎప్పుడిస్తారో కనుక్కోమని మీ చెరువు కేసు చూసే లాయరు శామ్యూల్ గారు చెప్పారన్నావు. ఇప్పట్లో ఇవ్వరు. వివాదం తేలేదాకా ఆపారు. నిన్న ఆదివారం ఎందుకు రాలేదని అడిగావు. మోకాలి నొప్పి అని ఫోన్లో చెప్పాను. మోకాలు బాగానే ఉంది. ఫోన్ చేస్తే నీ పక్కన ఎప్పుడూ నలుగురుంటారు, స్పీకర్ పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఫర్హానా సర్జాపుర వెళ్లేటప్పుడు సాయంత్రం మీ ఇంటి దగ్గర దిగి ఇస్తుంది. సభలో నా తర్వాతి వంతు రాసే అమ్మాయి. ఉత్తరంలో ఏముందో ఆమెకు తెలియదు. కాఫీ ఇచ్చి పంపు.

ఆ రోజు జరిగింది జరిగినట్టు చెబుతాను. నగరాభివృద్ధి పద్దుల మీద చర్చ. మీ చెరువు శుద్ధి కేంద్రానికి రెండేళ్లుగా కేటాయించిన డబ్బు అలాగే ఉంటే, చెరువు గట్టు మీద నడక దారికి, రంగు దీపాలకు మాత్రం ఎలా ఖర్చయిందని ప్రతిపక్షం అడిగింది. చెరువుల చుట్టూ కట్టడాలు కూడని జాగాను తగ్గించే సవరణ బిల్లు కూడా అదే రోజు వచ్చింది. రెండూ కలిసేసరికి సభ్యులు స్పీకర్ ముందుకు దూసుకొచ్చారు. మూడూ పదహారుకు స్పీకర్ మైకులు ఆపించారు. అక్కడినుంచి ఆడియో లేదు. మంత్రి మాత్రం తెచ్చుకున్న కాగితాలు చదువుతూనే ఉన్నారు.

కాబట్టి మూడూ పద్దెనిమిదికి ఏం జరిగిందో చెప్పగలిగేది నా నోటు పుస్తకం ఒక్కటే. ఈ మాట శుక్రవారం నుంచి అందరూ నాతో అంటున్నారు.

మా కార్యదర్శి రాజగోపాల్ గారు నన్ను కూర్చోబెట్టి ధైర్యం చెప్పారు. "అన్న మాట అనలేదనడం మంత్రులకు కొత్తా ఏమమ్మా? పుస్తకం తీసుకొచ్చి చదివెయ్యి. ఇరవై ఆరేళ్లలో నీ కాపీకి ఒక్క దిద్దుబాటు రాలేదు."

వరండాలో ప్రతిపక్ష సభ్యులు చేతులు జోడించారు. "గట్టిగా నిలబడండి మేడం" అన్నారు. క్యాంటీన్ కదిరమ్మ అయితే డబ్బులే తీసుకోలేదు. "మంత్రినే అల్లాడిస్తా ఉండావంట గదమ్మా! టీవీలో నీ సంగతే వస్తా ఉండాది. ఇంగ నీకు బిల్లేసే మొగోడెవడు?" అని నవ్వింది. ఆ కాఫీ నేను తాగలేకపోయాను.

నీ ఉత్తరంలో ఒక మాట రాశావు. "మన రంజి రాసింది గాబట్టే ఆ మాట నిలిచిందని ఊర్లో అందరికీ చెప్పినాను" అని. నాలుగు రోజులుగా నాకు అన్నం సహించకపోవడానికి కారణం అదే.

అక్కా, మంత్రి ఆ మాట అనలేదు.

అంకెలు తప్పు పడకుండా మంత్రులు చదవబోయే ప్రసంగం కాపీ ఒకటి ముందే మా బల్ల మీదికి వస్తుంది. అంకెలు సరిచూసుకోవడానికే అది. ఆ వాక్యం అందులో నాలుగో పేజీలో ఉంది. ఆయన మూడో పేజీ తర్వాత అయిదో పేజీ చదివారు. గొడవలో రెండు కాగితాలు కలిసి తిరిగాయో, కావాలనే వదిలేశారో నాకు తెలియదు. ఆయన మళ్లీ వెనక్కి వస్తారేమోనని వదిలిన రెండున్నర వరుసలు నా పుస్తకంలో ఇంకా ఖాళీగానే ఉన్నాయి. విననిది రాయకూడదు, వినపడకపోతే 'గందరగోళం' అని రాసి వదిలెయ్యాలి. నేను చేరిన మొదటి రోజు నేర్పింది అదే. టైపు చేసేటప్పుడు నేను నాలుగో పేజీ చూసి ఆ వాక్యం నింపాను.

అలవాటు మీద జరిగిందని చెప్పుకోవచ్చు. అది సగమే నిజం. తన వంతుకని వచ్చి పక్కన కూర్చున్న ఫర్హానా, నేను టైపుకు లేవకముందే, సభలోనే అడిగింది. "అక్కా, ఆయన నాలుగో పేజీ చదవలే కదా?"

"చదివారు. నీకు వినపడలేదు" అన్నాను.

టైపు దగ్గర ఆ పేజీ చూస్తున్నప్పుడు బావ పోయిన నెల చెరువు గట్టు మీద అన్న మాట చెవిలో ఉంది. "ఈ కెరె నీళ్లల్లో కొత్తిమీర కడిగితే కొత్తిమీర సస్తాదప్పా, కాళ్లు కడిగితే కాళ్లు సస్తాయి." ఆయన నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం ఆయన కాళ్లు చూశాను.

శనివారం ఫర్హానా మళ్లీ వచ్చింది. "నన్నడిగితే నాకు వినపడలేదనే చెప్తానక్కా. మీరు చదివాడన్నారు, నేను నమ్మినాను. మీకు నిజంగానే వినపడిందా?" నేను బల్ల మీది కాగితాలు సర్దుకున్నాను. తను వెళ్లిపోయింది.

ఈ పొద్దున సొరుగు తీసి పుస్తకం ముందు పెట్టుకున్నాను. పెన్సిల్ చెక్కాను. రెండున్నర వరుసలకు అర నిమిషం చాలు, ఎవరూ కనిపెట్టలేరు. ఖాళీ ఖాళీగానే ఉంచి పుస్తకం మూసి, ఈ కాగితం తీసుకున్నాను.

గురువారం పదిన్నరకు మీ కేసు ఉంది. శామ్యూల్ గారు ఆ పేపరు కత్తిరింపును కోర్టులో పెట్టకూడదు. పిటిషన్‌లో మొదటి పేరు నీది. రాసిన మనిషి నీ చెల్లెలని అవతలి లాయర్లకు ఒక్క పూటలో తెలుస్తుంది. అప్పుడు మీరు ఏడు నెలలు తిరిగి చేయించిన నీటి పరీక్షలనూ నమ్మరు. ఆ పరీక్షలు నిజం. వాటితోనే నిలబడండి. ఆ ప్రసంగం కాపీ మంత్రి కార్యాలయంలోనే తయారైంది. నాలుగో పేజీలో ఆ మాట ఎందుకు రాశారో, ఎందుకు చదవలేదో సమాచార హక్కు కింద అడగమను. జవాబు వస్తుందని నేను చెప్పలేను.

నీకు కోపం వస్తుంది. రావాలి కూడా. నా ఉద్యోగం ఏమవుతుందో ఇంకా తెలియదు, దాని గురించి ఇప్పుడు అడగకు.

రేపు పదకొండు గంటలకు రాజగోపాల్ గారి గదిలో పుస్తకం తెరుస్తాను. షార్ట్‌హ్యాండ్ వచ్చినవాళ్లు మరో ఇద్దరుంటారు. మూడూ పద్దెనిమిది దగ్గర ఏముందో ఉన్నట్టే చదువుతాను. మోకాలు బాగానే ఉంది కాబట్టి ఆదివారం తొమ్మిదింటి బస్సుకు మీ ఊరు వస్తున్నాను. ఊరివాళ్లకు నువ్వేమీ చెప్పొద్దు. నేనే చెబుతాను.

ఇట్లు,
నీ చెల్లెలు
రంజి