గ్రూయా తాత మధ్యలో ఆపేసిన పాట

అమ్మా,

నా దగ్గు తగ్గింది, బండిలో పడుకుంటున్నానని బెంగపెట్టుకోకు.

ఊరూరా తిరిగే మనవాళ్ల బండ్లు ఇప్పుడు మూరెష్ ఏటి ఒడ్డున దిగాయి. మా సంగీత కాలేజీ టేపు కోసం పాడతానని నిన్న గ్రూయా తాత ఒప్పుకున్నాడు. టేపు శుభ్రంగా రావాలని రాగిబిందెలు కొట్టేవాళ్ల సుత్తులు ఆపించి, అందరి నోళ్లూ మూయించాను. తాత ఒక్క చరణం పాడి ఆపేశాడు.

"ఎవరే పోయింది? అందరూ చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు!"

"రికార్డింగు కదా, తాతా!"

"చదువుకుని చెడిపోయావే పిల్లా! పక్కన నలుగురు గొంతు కలపకపోతే అది పాటా, ఏడుపా?"

ఇంక చూసుకో! బిందెలు, గరిటెలు, పిల్లలు, కుక్కలు కూడా అందుకున్నాయి. టేపులో అందరికంటే నా గొంతే పెద్దగా ఉంది. మా మాస్టారు ఏమంటారో!

నా పచ్చ లంగా పంపు. బానకి కళాయి వేయించావా? అక్క పిల్లలు అదృష్టంతో, ఆరోగ్యంతో ఉండాలి.

తాత పాడింది నాన్న పాటే. చివరి చరణం ఎవరికీ రాలేదు. "మీ అమ్మకొచ్చు" అన్నాడు. నాన్న పోయి ఏడాది దాటింది, పాడకూడని రోజులు తీరిపోయాయి. నువ్వు మాత్రం ఇంకా పాటకి నోరు విప్పలేదని అక్క చెప్పింది. ఆదివారం వస్తున్నా. టేపు రికార్డరు తేను. నువ్వు ఎత్తుకో చాలు, మేమందరం అందుకుంటాం.

నీ జంఫీరా