భోజన్న మాండలిన్‌కు నేను చేయించిన రిపేరు

3 ఏప్రిల్ 2025
భోజన్న పోయి ఈ రోజుకి పదకొండు రోజులు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఫ్యాక్టరీ మూతపడ్డాక పాత మాండలిన్లు వెతికి, బాగుచేసి, అడిగినవాళ్లకల్లా ఊరికే ఇచ్చేశాడు. యాభై దాకా ఇచ్చి ఉంటాడు. తీసుకున్నవాళ్లలో దినాలకు వచ్చింది ముగ్గురు. ఈ జిల్లా మీద ఉమ్మేయాలని ఉంది.

4 ఏప్రిల్
ఆయనతో తొమ్మిదేళ్లు పోట్లాడాను. ఊరికే పంచిపెట్టడం దానధర్మమే గాని మార్పు కాదని పత్రికలో రాశాను కూడా. మర్నాడే స్కూటర్ మీద నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు. మంచిగ రాసినవ్ సారూ, గదంత పక్కకు పెట్టు, నాందేడ్‌ల వందేండ్ల మాండలిన్ దొరికింది, ఇగో సూడు అని, నా చాయ్ చల్లారేదాకా దాని వెనక చెక్క గురించే చెప్పాడు. కోపం రాని మనిషితో ఎట్లా వాదించాలి?

7 ఏప్రిల్
ఆయన భార్య సత్తవ్వ ఆ నాందేడ్ మాండలిన్ నా చేతిలో పెట్టింది. సుకన్యకు ఇయ్యిమని చెప్పి పోయిండు సారూ, ఆ పిల్ల డ్యూటీలల్ల పడి దొర్కుతలేదు, నువ్వే అందియ్యి అన్నది. సుకన్య నవీపేట్‌లో నర్సు. ఆయన దగ్గర వాయించడమూ రిపేరూ రెండూ నేర్చుకున్నది ఆమె ఒక్కతే.

మాండలిన్ మెడ అతుకు ఊడి ఉంది. 20న నేను పెడుతున్న సంస్మరణ సభ. ఆమె దాని మీదే వాయించాలి.

9 ఏప్రిల్
సుకన్య ఫోన్. అతుకు సరేసుతోనే పెట్టాలె సార్ అన్నది. తోళ్లు ఉడికించి తీసే జిగురు అది. వేడి తగిలిస్తే మళ్ల ఊడొస్తది, తప్పుంటే ఎన్కకొచ్చి సరిచేసుకోవచ్చు, భోజన్న గట్లనే చేస్తుండె, నాకు సెలవు దొరికేదాక ఒక్క నెల ఆగుండ్రి అన్నది.

పోస్టర్లు పడ్డాయన్నాను. నెల ఆగితే జనం మరిచిపోతారన్నాను. వాయిద్యం కన్నా సభ ముఖ్యమన్నాను. అరగంట వాదించాను. ఇగ మీ ఇష్టం సార్ అన్నది.

గెలిచాను.

12 ఏప్రిల్
సోఫాలు చేసే లింగంతో ఆ అతుకు పెట్టించాను. రెండు ట్యూబులు కలిపి పూసే గమ్. ఏనుగు తొక్కినా ఊడది, నాది గ్యారంటీ అన్నాడు.

20 ఏప్రిల్, సాయంత్రం
పందొమ్మిది మంది వచ్చారు. నేను నలభై నిమిషాలు మాట్లాడాను. ఫ్యాక్టరీని, ప్రభుత్వాలను, రానివాళ్లను, ఎవరినీ వదల్లేదు. సుకన్య డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. మాండలిన్ ఒళ్లో పెట్టుకుని మీటింది. ఉత్త తీగలు బాగానే మోగాయి. వేలు పెట్టి నొక్కితే స్వరం లేదు. మెడ వంకరగా అతికింది. తీగలు, మెడ మీది లోహపు మెట్లకు అందకుండా ఎక్కడో పైన నిలబడ్డాయి. ఆమె రెండుసార్లు ప్రయత్నించింది. వాయించలేను, మాఫ్ చేయుండ్రి అని జనానికి చెప్పి దిగిపోయింది.

తప్పు ఆమెది కాదని లేచి చెప్పాలి. చెప్పలేదు.

21 ఏప్రిల్
నవీపేట్ వెళ్లాను. ఊడదీయవచ్చా అని అడిగాను. గమ్ము చెక్కలకు ఇంకింది సార్, గుంజితే చెక్కే చీలుతది అన్నది. నాకొద్దు, మీరే ఉంచుకోండ్రి అన్నది. గొంతు కూడా పెంచలేదు. తిట్టి ఉంటే, నా దగ్గర జవాబు ఉండేది.

2 మే
మాండలిన్ బీరువా మీద పెట్టాను. ఇవాళ ఫోన్లో ఎవరితోనో గట్టిగా వాదిస్తుంటే నా గొంతు అదురుకు పైనుంచి తీగలు పలికాయి. మాట ఆపాను. అవి వెంటనే ఆగలేదు.