మీ బల్ల మీద పెట్టబోయే డబ్బా

ఆరోగ్య అధికారి గారికి,

మా పేటవాళ్లకు అవగాహన లేదనీ, అందుకే పేగు క్యాన్సర్ పరీక్షకు రావడం లేదనీ మీరు సభలో వాపోయారట. అవగాహన మా వదినకు బోలెడుందండీ. మీ ఆఫీసు మరుగుదొడ్లు కడిగేది ఆవిడే. తన విరేచనంలో నెత్తురు కనబడగానే, మీరు పంచిన డబ్బాలోనే నమూనా తీసి, మూత బిగించి, పొద్దున్నే పనికొస్తూ మీ కౌంటర్‌కు తెచ్చింది.

"ఛీ, ఇక్కడ పెట్టకమ్మా! పదింటికి గుమస్తా వస్తాడు, అప్పుడు తే," అన్నాడు మీ కాపలావాడు.

"పదింటికి పైఅంతస్తు కడుగుతుంటాను నాయనా. చీపురు వదిలేసి లైన్లో నిలబడితే మేస్త్రీ ఊరుకుంటాడా?"

"అయితే సెలవు పెట్టుకో."

ఆవిడ డబ్బా చెత్తబుట్టలో పడేసి పనిలోకి వెళ్లింది. నెత్తురు మాత్రం ఆగలేదు.

మీ అందరి రోతనూ ఏళ్ల తరబడి ముక్కు మూసుకోకుండా కడుగుతున్న మనిషి దగ్గర అగ్గిపుల్ల మొనంత నమూనా పుచ్చుకోవడానికి మీకు రోత! పైగా అవగాహన గురించి ఉపన్యాసాలు!

మీ పోస్టర్లు మీరే గోడకు అంటించుకుని మురిసిపోండి. పనివాళ్లు వచ్చే వేళకు కౌంటర్ తెరిపించండి చాలు. రేపు పొద్దున్నే కొత్త డబ్బాతో వదిన వస్తుంది, వెంట నేనూ వస్తాను. గుమస్తా లేకపోయినా ఫరవాలేదు. ఊడవడానికి మీ గది తాళంచెవి ఆవిడకే ఇచ్చారుగా, మీ బల్ల మీదే పెట్టి వెళతాం.

ఇట్లు,
ఆవిడ మరిది