కట్టయ్యకు జామీనుగా నిలబడ్డ ఇల్లు

వరంగల్ జిల్లా మడికొండ నివాసిని, కీర్తిశేషులు సుందర్ రావు గారి భార్యను, మిషన్ దవాఖానలో ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన సువార్తమ్మను నేను, వయస్సు అరవై నాలుగు సంవత్సరాలు, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాయించిన వీలునామా ఇది. గుండె చెడిపోయిందని డాక్టరు చెప్పకముందే నాకు తెలుసు. బుద్ధి మాత్రం చెడలేదు. అనుమానం ఉన్నవాళ్లు నేను కాన్పు చేసిన పిల్లల్లో ఎవరి పేరైనా అడగండి, ఏ నెలలో పుట్టారో, పుట్టినప్పుడు ఎంత తూగారో చెప్తాను.

నాకు సంతానం లేదు. ఇంతకుముందు వీలునామా రాయలేదు. దీన్ని అమలు చేసే బాధ్యత హనుమకొండ వకీలు అరుణకు అప్పగిస్తున్నాను. చిన్న వయసే కానీ, నేను తప్పు మాట్లాడితే మొహం మీదే చెప్తుంది.

1. నా స్థిరాస్తి మడికొండలోని ఇంటి నంబరు 4-61. రెండు గదులు, ముందు పందిరి, వెనుక బావి. నా జీతంతో కట్టింది. నా భర్త ఇటుకలు మోశాడు తప్ప పైసా పెట్టలేదు, ఆ మాట ఆయనే అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. ఈ ఇంటి మీద అప్పు లేదు. ఒక జామీను ఉంది. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు గనుక ముందు అదే రాయిస్తున్నాను.

2. పాలకుర్తి దగ్గరి పల్లెలో కూలి చేసుకునే లక్ష్మీనర్సమ్మకు 1955లో కాన్పు చేసింది నేనే. అడ్డం తిరిగిన బిడ్డ. ఆ బిడ్డే కట్టయ్య. కూలి పెంచమన్నందుకు దొర మనుషులు వాళ్ల నాయనను కొడితే, పందొమ్మిదేళ్లకు అడవికి పోయి దళంలో కలిశాడు. అయిదేళ్లకు, బయటికి వచ్చినవాళ్ల మీద కేసులు ఎత్తేస్తామని, భూమి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అప్పుడు లక్ష్మీనర్సమ్మ నా గడపలో కూర్చుని, "సిస్టరమ్మా, కడుపుల నుంచి నువ్వే తీసినవ్. ఇగ అడివిల నుంచి గూడ నువ్వే తియ్యాలె" అన్నది. సరేనన్నాను.

1979 ఫిబ్రవరి 12, సోమవారం, పట్టపగలు హనుమకొండ బస్టాండు నుంచి కలెక్టరాఫీసు దాకా వాణ్ణి నడిపించుకుంటూ పోయాను. దారిలో ఎవరూ ఎత్తుకుపోకుండా నా గొడుగు కిందే ఉంచాను.

మాఫీ అంటే ఒక్క కాగితంతో అయిపోతుందనుకున్నాను. కాదు. ముందు ఆయుధం అప్పగించాలి, తుప్పు పట్టిన భర్మారు, అంటే నాటు తుపాకి, ఒకటి ఇచ్చాడు. తర్వాత వాంగ్మూలం. అడవిలో ఉన్నప్పుడు అన్నం పెట్టిన ఇళ్ల పేర్లు అడిగితే ఒక్కటీ చెప్పలేదు, ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. సొంత ఆస్తి ఉన్నవాళ్లు జామీను ఉండాలి, ఈ ఇల్లు చూపించి నేను ఉన్నాను. ప్రతి సోమవారం ఠాణాలో సంతకం పెట్టాలి. ఒక్కో కేసుకు సర్కారు వకీలు కోర్టులో అర్జీ వేయాలి, జడ్జి ఒప్పుకుంటేనే అది పోతుంది. కట్టయ్య మీద అయిదు కేసులు. నాలుగు పోయాయి, రెండెకరాల పట్టా వచ్చింది. అయిదోది పక్క జిల్లా కోర్టులో ఏడేళ్లుగా కూర్చుంది. అది తేలేదాకా జామీను ఉండాల్సిందే. కట్టయ్య ఒక్క సోమవారం తప్పలేదు. వాళ్ల నాయనకు కొరివి పెట్టిన సోమవారం కూడా తడి బట్టలతోనే వచ్చి సంతకం పెట్టి పోయాడు.

3. రెండో జామీను తనే ఉంటానని మాటిచ్చి, తీరా ఆ రోజు జ్వరమని కబురు పంపి నన్ను ఒక్కదాన్నే జామీనుగా మిగిల్చిన మా వీధి రాజేశ్వర్ రావు గారికి నా థర్మామీటరు ఇస్తున్నాను. ఆ జ్వరం ఇప్పుడెంతుందో చూసుకోవచ్చు.

4. లక్ష్మీనర్సమ్మకు నా ఉన్ని శాలువా, గోడకున్న ఫోటో. ఆ రోజు పేపరు వాళ్లు తీసిందే. నన్ను పక్కకు జరగమన్నాడు ఒక ఆఫీసరు. జరిగాను, గొడుగు జరపలేదు. అందుకే ఫోటోలో నేను లేను, కట్టయ్య తల మీద నా గొడుగు ఉంది.

5. ఆ గొడుగు కట్టయ్యకు. రెండు పుల్లలు విరిగాయి, బాగు చేయించుకోవాలి.

6. ఇల్లు మొదట కట్టయ్యకే రాస్తానన్నాను, ఇల్లుంటే వాడి జామీను నిలుస్తుందని. అరుణ నవ్వింది. ఎవరికి వాళ్లు జామీను ఉండరాదట. నేను పోతే నా జామీను నాతోనే పోతుంది, ఇల్లు ఎవరికి పోయినా సరే. కోర్టు ఇచ్చిన గడువులో కొత్త మనిషి దొరకకపోతే వాణ్ణి జైలుకు పంపుతారు. ఆ మాట విన్న దగ్గర నుంచి నాకు నిద్ర లేదు.

కనుక ఇల్లు నా తమ్ముడు జయరాజు కూతురు విమలకు రాస్తున్నాను. తండ్రికి చెప్పకుండా నెలకోసారి వచ్చి నా కాళ్లకు నూనె రాసిన పిల్ల. జామీను ఉంటేనే ఇల్లు అని షరతు రాయమని అరుణ సలహా ఇచ్చింది. నేను వద్దన్నాను. షరతులు పెట్టి ఇవ్వడం సర్కారు పని. నేను ఊరికే ఇస్తాను. కట్టయ్యకు జామీను ఉండమని అడగడం మాత్రం అడుగుతున్నాను.

7. జయరాజుకు ఏమీ ఇవ్వడం లేదు. కాజీపేట రైల్వేలో చేసి, సొంత ఇల్లు కట్టుకున్నాడు. "పిచ్చి లేసిందా అక్కా? తుపాకి పట్టినోనికి ఇల్లు కుదువ పెడుతవా? వాడు మల్ల అడివికి పోతే రోడ్డు మీద పడుతవ్" అని ఆనాడు అరిచి పోయినవాడు ఏడేళ్లు నా గడప తొక్కలేదు, క్రిస్మస్‌కు కూడా. నాకు చాలా బాధయింది తమ్ముడూ. ఈ ఒక్కసారి తప్ప చెప్పను.

8. నన్ను నా తెల్ల నర్సు చీరలోనే సమాధి చేయాలి.

9. ఇది తరువాత చేర్చింది. సాక్షి సంతకానికి అరుణ కబురు పెడితే జయరాజు ఈ రోజు వచ్చాడు. పైనున్నదంతా కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఏడో అంశం మాత్రం మూడోసారి కూడా చదివాడు. సంతకం చేసి, తన ఇంటి నంబరు కూడా రాయమన్నాడు. సాక్షికి అది అవసరం లేదని అరుణ చెప్పింది. "రాయి బిడ్డా, కోర్టుల అడుగుతరు గద" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "సోమవారం కట్టయ్యతోని ఠాణాకు ఎన్ని గంటలకు పోవాలె అక్కా?" అని అడిగాడు.

పదకొండు గంటలకు, తమ్ముడూ.

తేదీ: 19 జూలై 1986, శనివారం, మడికొండ.

(సంతకం) సువార్తమ్మ

సాక్షులు:
1. కళావతి, స్టాఫ్ నర్సు, హనుమకొండ.
2. జయరాజు, రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, కాజీపేట. సొంత ఇంటి నంబరు 2-118.