నాన్న పెట్టిన ఎర్రపోగు

అమ్మా, నా జ్వరం తగ్గింది, బెంగపడకు. ఈ కార్డు అన్న కూతురు రేణుకతో చదివించుకో.

ఈ ఏడాది చెరి ఇరవైనాలుగు పుస్తకాలు చదువుతామని నాన్నా నేనూ ఆదోని లైబ్రరీలో పేర్లు రాయించాం కదా. ఆయన పోయి రెండు నెలలైనా గోడ మీది పట్టీలో పేరు అలాగే ఉంది. లైబ్రరీలో పనిచేసే హులిగెమ్మ నిన్న "మీ నాయనవి ఎన్నైనాయమ్మా?" అనింది. పోయాడని చెప్పడానికి నోరు రాక, పదిహేడు అన్నాను. ఇప్పుడు ఆయన వంతు కూడా నేనే చదువుతున్నాను. బస్సులో ఒకటి, పొయ్యి దగ్గర ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి. ఒక కథలో మనుషులు ఇంకో కథలోకి వచ్చేస్తున్నారు.

నీకు పైకి చదివి వినిపిస్తూ ఆయన ఎర్ర నూలుపోగు పెట్టి ఆపిన పుస్తకాన్ని మాత్రం ముట్టలేదు. "సగమే ఇన్నాను, మిగతాది ఎవురు సదువుతారు" అని దినాల రోజు నువ్వన్నావు.

మగ్గం మీద ఆయన వదిలిన చీరను అన్న నేసి దింపాడా? కాలివాపు మాత్రలు మానొద్దు.

ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని ఎమ్మిగనూరు వస్తున్నాను. పోగు ఉన్న పేజీ నుంచి చదువుతాను. ఆయన గొంతు నాకు రాదు, సర్దుకో.

నీ వీణ