స్లాబు ఇసుక జల్లించొద్దు

తమ్ముడు కనకయ్యను అక్క సుభద్ర జర్మనీలోని కార్ల్స్‌రూహె నుంచి దీవించి రాయిస్తున్నది. కరోనా నా జోలికి రాలేదు, భయపడకు. కొత్తింటి స్లాబుకు ఇసుక సన్నంగా జల్లిస్తున్నావట, వెంటనే ఆపు.

ఇక్కడ కరోనాకు కాలేజీ ల్యాబు మూసేశారని, ఇంజినీరింగు చదివే మనవరాలు హారిక జల్లెడలు ఇంటికే తెచ్చుకుంది. ఏడింటిని ఒకదానిమీదొకటి పేర్చి, ఇసుక పోసి ఊపి, దేంట్లో ఎంత నిలిచిందో తూస్తుంది. ముప్పై ఏళ్లు కూలికి ఇసుక జల్లించినదాన్ని, ఊరుకుంటానా? "దొడ్డుదంతా పారబొయ్యి, సన్నదే మంచిది" అన్నాను.

"అట్లయితే స్లాబుకు బలం ఏడికెళ్లి వస్తది అమ్మమ్మా?" అంటూ గ్లాసు నిండా దొడ్డు ఇసుక పోసింది. ఆ నిండిన గ్లాసులోనే తడుతూ తడుతూ గుప్పెడు సన్నది పట్టించింది. ఒక్క రేణువు ఒలకలేదు. దొడ్డువాటి సందుల్లో సన్నవి కూర్చుంటేనే గట్టిదనమట. ఎంత తెలివి ఆ పిల్లకు!

మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? రెండో టీకా వేయించావా?

జల్లించినది ప్లాస్టరింగుకు ఉంచు. స్లాబుకు గులకరాళ్లు మాత్రం ఏరి పారేసి, దొడ్డూ సన్నం కలిసిన ఇసుకే వాడు. నీకు తప్పు నేర్పింది నేనే; మేస్త్రీలందరికీ చెప్పి నవ్వుకో. నీ మనవలు ఆ కప్పు కింద నిశ్చింతగా నిద్రపోవాలి.